విమానం సీలు

దినాలు అయిపోయి, చుట్టాలు ఎవరి తండాకు వాళ్లు వెళ్లిపోయాక, మిర్యాలగూడలో మా బాపు రిపేరు షెడ్డు దగ్గర ముగ్గురం మిగిలాం. నేను, మా యాడి, ఆ హార్వెస్టరు. యాడి అంటే అమ్మ. ఇంట్లో మేం లంబాడీ మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

హార్వెస్టరు సాయిబాబుది, రిపేరుకు వచ్చింది. బాపు దాని కిందే చనిపోయాడు. వరిని కోసే ముందు భాగాన్ని హెడర్ అంటారు, టన్నుకు తక్కువ ఉండదు. దాన్ని పైకి లేపి, కిందికి దూరి కత్తులు బిగిస్తుండగా అది దిగిపోయింది. అప్పుడు నేను శంషాబాద్‌లో డ్యూటీలో ఉన్నాను. వచ్చేసరికి ఆయన్ని షెడ్డు ముందు పడుకోబెట్టి ఉంచారు. కాళ్లు మాత్రమే బయటికి కనిపించినయని చూసినవాళ్లు చెప్పారు, ఒక్కసారి కాదు, వచ్చిన ప్రతి మనిషికీ నా ముందే చెప్పారు.

పదిహేను రోజులైనా సాయిబాబు బండి తీసుకుపోవడానికి రాలేదు. పొద్దున ఏడింటికే ఫోన్ చేశాను.

"నాకద్దు సెల్లె. నీకు దండం పెడత," అన్నాడు. "అండ్ల మీ నాయిన ఉన్నడు. మొన్న మా డ్రైవర్ పొయ్యి హెడర్ లేపి ఇంజన్ బందు చేసిండు. కిందికి దిగంగనే అది దిగుడు షురూ చేసిందంట. మెల్లగ, మనిషి చేత్తోని దించినట్టు. ఆడు మల్ల ఎనక్కి సూడకుంట ఉరికొచ్చిండు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను విమానాలు బాగుచేసే హేంగర్‌లో టెక్నీషియన్ని, చేసే పనంతా హైడ్రాలిక్సే. "ఆయిల్ లీకైతే బరువు దిగుతది సాయన్నా. గా మాత్రం తెల్వకనే పదేండ్ల సంది బండి నడుపుతున్నవా?" అని పెట్టేశాను.

షెడ్డులోకి పోయి ఇంజన్ స్టార్ట్ చేశాను. లివర్ లాగాను, హెడర్ లేచింది. ఇంజన్ ఆపి, దిగి, గోడ దగ్గర నిలబడి చూశాను. కాసేపు ఏమీ లేదు. పక్క రోడ్డు మీద మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు వరసగా ఆగి హారన్లు కొడుతున్నాయి. ఇంతలో హెడర్ దిగడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. నిద్రపోయిన పిల్లను లేపకుండా పడుకోబెట్టినంత మెల్లగా దిగింది. బాపు ఏ బరువునైనా అలాగే దించేవాడు.

అది లీకే. నాకు తెలుసు. తెలిసి కూడా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. "బాపూ" అన్నాను పైకే. దయ్యం లేదని పది నిమిషాల కింద ఒకణ్ని తిట్టిన నోటితోనే అన్నాను.

హెడర్ పూర్తిగా నేలకు ఆనాక పానాలు తీసుకుని లాక్ వాల్వు విప్పాను. పైకి లేచిన బరువు మళ్లీ దిగకుండా ఆయిల్‌ను పట్టి ఉంచే వాల్వు అది. దాని లోపల చిటికెన వేలికి పట్టేంత రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. సీలు అంటాం. టన్ను బరువు దాని మీదే నిలుస్తుంది. సీలు బయటికి తీస్తే నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది. గోరుతో నొక్కితే గోరు లోపలికి దిగింది. ఒక పక్క తెగి, వేలికి అంటుకుని వచ్చింది.

హార్వెస్టర్‌లో వేసే సీలు పాతబడితే గట్టిపడి పగులుతుంది. ఇలా ఉబ్బదు. ఇలా ఉబ్బే రబ్బరు ఏదో నాకు బాగా తెలుసు. అక్కడే ఆయిల్ డబ్బా మీద కూలబడ్డాను.

దసరాకు వచ్చినప్పుడు తెచ్చాను నేను వాటిని. విమానం హైడ్రాలిక్ లైన్లలో వేసే సీళ్లు, పది ఉన్న ప్యాకెట్. గడువు తేదీ దాటింది కాబట్టి ముక్కలు చేసి పారేయాలని రూలు. ముక్కలు చేయాల్సింది నేనే. చేయకుండా బ్యాగులో వేసుకున్నాను. బాపుకు చూపిద్దామని. ఆయనకు విమానమంటే పిచ్చి. సూర్యాపేట మీదుగా శంషాబాద్ వైపు పోయే విమానం కనిపిస్తే చేతిలో పని వదిలి చూసేవాడు. "ఇప్పుడు రెక్క తెరుస్తరా?" అని నాకు ఫోన్ చేసేవాడు. ఇక్కడ కాదు బాపూ, ఇంకా దూరం ఉంది, దిగేముందు తెరుస్తరు అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే అడిగేవాడు.

ఆ దసరా రోజు మంచం పక్కన నేల మీద సుద్దముక్కతో రెక్క బొమ్మ గీసి చెప్పాను. విమానం దిగేటప్పుడు మెల్లగా పోవాలి. మెల్లగా పోతే మామూలు రెక్క బరువును మోయలేదు. అందుకని రెక్క వెనక నుంచి ఫ్లాపులు, ముందు అంచు నుంచి స్లాట్లు బయటికి జరిగి రెక్కను వెడల్పుగా, వంపుగా చేస్తాయి. పైలట్ ఒక లివర్‌ను ఒక్కో మెట్టు జరుపుతాడు. వాల్వు తెరుచుకుని, చదరపు అంగుళానికి మూడు వేల పౌండ్ల ఒత్తిడితో ఆయిల్ పోయి విమానం పొట్టలో ఉన్న మోటారును తిప్పుతుంది. అక్కడి నుంచి రెండు రెక్కల చివరి దాకా పొడుగాటి రాడ్లు తిరుగుతాయి. ఆ రాడ్లు మరలను తిప్పితే, మరలు ఫ్లాపులను బయటికి తోస్తాయి.

"మోటర్ ఖరాబైతే?" అన్నాడు బాపు.

"ఇంకోటి ఉంటది. దానికి పంపు వేరే, పైపులు వేరే, ఆయిల్ వేరే. ఒకటి పోతే రెండోది తిప్పుతది, సగం స్పీడుల."

"రెండు పోతే?"

"ఎక్కడున్నయో గక్కడనే ఆగుతయి. రెక్కల చివర్ల బ్రేకులుంటయి. ఒక రెక్క ముందుకు పొయ్యి ఇంకోటి ఎనక పడ్డా గా బ్రేకులే పట్టేస్తయి. గాలి ఎంత తోసినా ఎనక్కి రావు."

ఆయన సుద్దగీతల వైపే చాలాసేపు చూశాడు. "ఎంత భయం పెట్టుకొని చేసిండ్రు బేటీ," అన్నాడు. "మన మిషన్లకు ఒక్క సీలే."

అప్పుడు ప్యాకెట్ తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో రింగూ వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన దగ్గర ఆ సైజు సీళ్లు అయిపోయాయి, కోతలు మొదలవుతున్నాయి.

"మన మిషన్లకు పడతయా ఇవి?" అని అడిగాడు.

"విమానానికే పడినయి, హార్వెస్టర్‌కు పడయా?" అని నవ్వాను.

విమానంలో పోసేది ఊదా రంగు ఆయిల్. తొందరగా మంట అంటుకోదు, చర్మం మీద పడితే మాత్రం మిరపకాయ రాసినట్టు మండుతుంది. దాన్ని తట్టుకునే రబ్బరు వేరు. ఆ రబ్బరుకు మామూలు హైడ్రాలిక్ ఆయిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, చివరికి తెగిపోతుంది. కోర్సులో మొదటి నెలలోనే చెబుతారు ఇది. పరీక్షలో రాశాను, మార్కులు కూడా పడ్డాయి. బాపు అడిగినప్పుడు మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆయన మొహంలో వెలుగు చూసి గొప్పలకు పోయాను, అంతే.

ఇంకొకటి ఉంది. అది చెప్పడం ఇంతకంటే కష్టం. హెడర్ కిందికి దూరేముందు వేపమొద్దు అడ్డం పెట్టడం బాపుకు ముప్పై ఏళ్ల అలవాటు. చిన్నప్పుడు ఆ మొద్దు దొర్లించుకొచ్చే పని నాదే. మొద్దు పెట్టకుండా దూరిన డ్రైవర్లను లంబాడీలో, తెలుగులో, ఉర్దూలో తిట్టేవాడు. అలాంటి మనిషి నేను తెచ్చిన సీలు వేశాక మొద్దు మానేశాడు. "ఇంగ మొద్దెందుకు? ఇమానం సీలు" అన్నాడట. ఆ మాట ఆయన చనిపోయిన రోజు ఎవరో చెప్తే, ముసలాయన మురిపెం అనుకుని ఏడ్చాను. సీలు విప్పి చూసేదాకా దాని అర్థం నాకు తలకెక్కలేదు.

లేచి ఇంట్లోకి పోయాను. ప్యాకెట్ దేవుడి గూట్లో ఉంది, యాడి దానికి రోజూ కుంకుమ పెడుతోంది. ఒలకబోసి లెక్కపెట్టాను. ఆరున్నాయి. ఒకటి నా జేబులో, ఉబ్బినది. ఇంకా మూడు బయట ఎవరెవరి బండ్లలోనో ఉన్నాయి. బయట కోతలు జోరు మీదున్నాయి. తుఫాను వస్తోందని టీవీలో చెబుతున్నారు, అందరూ ఉరుకుల మీద ఉన్నారు. బండి ఎక్కడ ఆగినా ఎవడో ఒకడు గడ్డి తీయడానికి హెడర్ కిందికి దూరుతాడు.

"యాడీ, బాపు ఈ సీళ్లు ఎవరెవరికి ఏసిండు?" అన్నాను.

ఆమె మొహం పదిహేను రోజుల తర్వాత మొదటిసారి వెలిగింది. "ఏసిన బండికల్ల తెల్ల పెయింటుతోని ఇమానం బొమ్మ గీసిండు. పెన్‌పహాడ్ సత్తయ్యకు ఒకటి. మఠంపల్లి లింగస్వామికి ఒకటి. పెద్దవూర శంకర్‌కు ఒకటి. మా బిడ్డ తెచ్చిందని మూడు ఊర్లల్ల చెప్పుకున్నడు. ఎందుకు?"

"డేట్ అయిపోయిందంట. మార్చాలె."

అబద్ధం కాదు, నిజమూ కాదు. నిజం చెప్పాలంటే ఆమెతో మొదలుపెట్టాలి. నాకు ధైర్యం లేదు. ముగ్గురికీ ఫోన్లు చేశాను. సత్తయ్య ఎత్తాడు గాని ఇంజన్ చప్పుడులో ఏమీ వినిపించలేదు. లింగస్వామి ఎత్తలేదు. శంకర్ ఫోన్ స్విచ్ఛాఫ్. స్కూటీ తీస్తుంటే యాడి చెప్పులు వేసుకుని వచ్చి నిలబడింది. "నీకు పొలాలు తెల్వయి. నేనొస్త," అంది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

పెన్‌పహాడ్ చేరేసరికి తొమ్మిదిన్నర. సత్తయ్య హార్వెస్టర్ రోడ్డు పక్క మడిలోనే ఉంది. సిలిండర్ పక్కన తెల్లగా విమానం బొమ్మ. రెక్కలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నాయి. బాపు చెయ్యే అది. చూడలేక తల తిప్పుకున్నాను.

సత్తయ్య పెద్దమనిషి. యాడిని చూసి తలపాగా తీశాడు. "గౌరమ్మా, ఎంత పనాయె," అని కళ్లు తుడుచుకున్నాడు. సీలు మార్చాలన్నాను. డేట్ దాటిందన్నాను.

"డేటా?" అని నవ్వాడు. "బిడ్డా, మీ నాయిన ద్వాళి సచ్చేముందు నా బండికి ఏసిన ఆఖరి సామాను అది. అది ఏసిన సంది బొట్టు ఆయిల్ కారలే. మా బండి మీద ఆయన చెయ్యి ఉన్నట్టే అనుకుంటున్న. ఇయ్యాల రేపట్ల వాన పడితే వడ్లు నేలపాలు. కోతలు కానీ, గప్పుడు సూద్దం."

"అయితే జర హెడర్ కిందికి ఎవర్నీ పోనియ్యకు సత్తన్నా. పోతే మొద్దు పెట్టుకొమ్మను."

"గట్లనే," అన్నాడు. అప్పటికే బండి వైపు నడుస్తున్నాడు. మొద్దు పెట్టడని నాకు తెలుసు. అప్పుడే అక్కడే నిజం చెప్పాల్సింది. యాడి బండి పక్కన నిలబడి ఆ తెల్ల బొమ్మ మీద పడిన దుమ్మును కొంగుతో తుడుస్తోంది. పిరికిదాన్ని. స్కూటీ ఎక్కాను.

సూర్యాపేటలో రెండు షాపులు తిరిగితే ఆ సైజు లేదన్నారు. హైవే మీద కోదాడ వైపు పోతుంటే పైన విమానం ఒకటి పోయింది, చాలా ఎత్తులో, సూదంత. వెంటనే నా చెవిలో బాపు గొంతు వినిపించింది. గుర్తు రావడం కాదు, వినిపించింది. ఇప్పుడు రెక్క తెరుస్తరా? లేదు బాపూ. ఒకటి పోతే? రెండోది ఉంటది. రెండు పోతే? బ్రేకులు పట్టుకుంటయి. మన మిషన్లకు పడతయా? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెడుతుంది. కోదాడ దాకా నలభై ఐదు కిలోమీటర్లూ అంతే. స్కూటీ మీద ముగ్గురం పోతున్నట్టే ఉంది. బరువు కూడా ఎక్కువైనట్టు అనిపించి ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. యాడి ఒక్కతే ఉంది.

కోదాడ షాపులో ఆ సైజు ఉంది. షాపాయన పొట్లం కడుతూ యాడిని గుర్తుపట్టాడు. "మీరు ద్వాళి గారి తాలూకా కదండీ? దసరా ముందు ఇవే కావాలని వచ్చారాయన. స్టాకు లేదు, వారం ఆగమన్నాను. తర్వాత ఫోన్ చేస్తే అక్కర్లేదు, మా అమ్మాయి అసలైనవి తెచ్చిందన్నారు. ఎలా ఉన్నారాయన?"

యాడి ముందుకు వచ్చి పొట్లం అందుకుంది.

"మంచిగున్నడు," అంది.

బయటికొచ్చాక అడిగాను, ఎందుకట్ల చెప్పినవని. "ఆయన ఉన్నడనుకునేటోడు ఒక్కడన్న ఉండనీ," అంది.

హుజూర్‌నగర్ దాటాక సిమెంట్ లారీల దుమ్ము మొదలైంది. మఠంపల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండైంది, కృష్ణా నది వైపు ఆకాశం నల్లబడుతోంది. లింగస్వామి ఊళ్లో లేడు, పొలంలో ఉన్నాడన్నారు. యాడి దారి చూపించింది. చివరి మలుపు తిరిగేసరికి నాకు ఇంజన్ చప్పుడు వినిపించలేదు. అది వినిపించకపోవడమే నన్ను భయపెట్టింది. ఈ తొందరలో బండి ఆపారంటే ఏదో ఇరుక్కుందన్నమాట.

హార్వెస్టర్ మడి మధ్యలో ఆగి ఉంది. హెడర్ పైకి లేచి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి.

నేను చూడని రోజు నా ముందు నిలబడింది. ఖాకీ ప్యాంటు, చెప్పుల్లేని పాదాలు, మడమల దాకా బురద. అవి మా బాపు కాళ్లే అనుకున్నాను, ఒట్టు. పదిహేను రోజులుగా అందరి నోటా విన్న కాళ్లు. పక్కన సిలిండర్ మీద తెల్ల విమానం. స్కూటీ స్టాండు వేయలేదు, వదిలేశాను. అది పడిపోయిన చప్పుడు వినిపించింది.

అరవలేదు. అరిస్తే ఆ మనిషి బయటికి రాడు, ఏమిటని తల ఎత్తుతాడు. ఉరికాను. నాలుగు అడుగుల దూరంలో ఉండగా హెడర్ అంచు దిగుతున్నట్టు కనిపించింది. వెనక ఉన్న గట్టును, హెడర్ పై అంచును కలిపి చూస్తే తెలుస్తోంది, గట్టు కొంచెం కొంచెంగా ఎక్కువ కనిపిస్తోంది. చప్పుడు లేదు. కింద మనిషి కూని రాగం తీస్తూ గడ్డి పీకుతున్నాడు.

ఒక కాలు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి గుంజాను. ఆయన తన్నాడు, తిట్టాడు. బురదలో నా కాళ్లు జారాయి. అప్పుడు నా పక్కనుంచి ఇంకో రెండు చేతులు వచ్చి రెండో కాలు పట్టుకున్నాయి. యాడి. ఎందుకని అడగలేదు, పళ్లు బిగించి గుంజింది. మనిషి బోర్లా జారుతూ బయటికొచ్చాడు. ఆయన తల బయటపడి నేను ఊపిరి తీసుకునేలోపు లోపల ఏదో తెగింది. స్స్ మని ఆయిల్ చిమ్మింది. హెడర్ ఒక్కసారిగా పడింది. నేల అదిరింది. ఆయన భుజం మీది తువ్వాలు దాని కింద ఉండిపోయింది, కొస మాత్రం బయటికి.

ఆయన పేరు నర్సయ్య. కూలికి వచ్చినవాడు. మమ్మల్ని బూతులు తిట్టబోయి, వెనక్కి తిరిగి చూసి, ఆ తువ్వాలు కొసను చూసి, కూర్చున్నచోటే కూర్చుండిపోయాడు.

లింగస్వామి గట్టు మీద నుంచి ఉరికొచ్చాడు. "ఏమైంది? ఎట్ల పడింది? ద్వాళి సీలు ఏసిండు గదా! ఇంగ మొద్దు అవసరమే లేదన్నడు గదా! ఇమానం సీలు అది!"

"ఆ సీలు దీనికి పడది," అన్నాను.

"ద్వాళి తప్పు సీలు ఏసిండంటవా? ముప్పై ఏండ్ల మిస్త్రీ ఆయన."

ఈసారి మాట దాటేయలేకపోయాను. బాపు మీద పడుతోంది తప్పు, ఆయన లేడు.

"ఆయన తప్పు కాదు. సీళ్లు నేను తెచ్చిన. హేంగర్‌ల పారెయ్యమన్నవి, నేను దొంగతనంగ తెచ్చిన. విమానం ఆయిల్ వేరే, మన ఆయిల్ వేరే. మన ఆయిల్‌ల అవి ఉబ్బి తెగిపోతయి. నాకు ముందే తెలుసు. చెప్పలే. సాయిబాబు బండిల గూడ గదే సీలు. మా బాపు నా వల్లనే పోయిండు."

నేను లింగస్వామి వైపు చూడటం లేదు. యాడి వరికొయ్యల మీద కూర్చుని ఉంది, చేతుల నిండా నర్సయ్య కాలి బురద. నా వైపు చూస్తోంది. కోపం కనిపించి ఉంటే బాగుండేది. ఏమీ కనిపించలేదు.

"నిన్ను అడిగిండా?" అంది. "పడతదా అని?"

"అడిగిండు."

"ఏమన్నవ్?"

"పడతది అన్న."

ఆమె తల వంచుకుంది. నేను దగ్గరికి పోలేదు. పోతే ముట్టుకోనివ్వదేమోనని భయమేసింది. ఫోన్ తీసి, అందరూ వింటుండగానే సత్తయ్యకు చేశాను. ఇప్పుడు చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను, ఒక్కటి కూడా తగ్గించకుండా. అవతల ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అది ఆగిపోయింది. "బండి బందు పెట్టించిన," అన్నాడు సత్తయ్య. "హెడర్ కింద పెట్టించిన. నువ్వు ఇంగ నాకు ఫోన్ చెయ్యకు. సీలు నేనే తీపిచ్చుకుంట."

శంకర్‌కు చేశాను. స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాను. స్విచ్ఛాఫే.

లింగస్వామి బండికి కోదాడ సీలు వేశాను. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తెగిన సీలు ముక్కలు నీళ్ల బాటిల్‌లో వేసి మూత పెట్టాను, హేంగర్‌లో చూపించాలి. అక్కడా చెప్పాల్సిందే, చెప్పాక ఆ గేటులోపలికి మళ్లీ రానివ్వరు. ఆ సంగతికి ఏడుపు కూడా రాలేదు. పని అయ్యాక వెనక్కి తిరిగితే యాడి మొహమూ చేతులూ కడుక్కుని స్కూటీ దగ్గర నిలబడి ఉంది. పడిపోయిన బండిని తనే లేపింది. మొదటి చినుకులు పడుతున్నాయి.

"ఇంగెన్ని ఉన్నయి?" అంది.

"ఒకటి. పెద్దవూర."

"నడువ్."

ఎక్కింది. బండెక్కితే నా భుజం గట్టిగా పట్టుకుని కూర్చునే మనిషి, ఆ రోజు వెనక కమ్మి పట్టుకుంది. మఠంపల్లి నుంచి పెద్దవూర ఎనభై కిలోమీటర్ల పైనే ఉంటుంది, దారంతా వాన, గుంతలు. ఒక గుంతలో పడబోయాం కూడా. ఆమె చెయ్యి నా మీద పెట్టలేదు.